దొంగ కంచె మీద ఓడ చిక్కుడు

సునామీ వచ్చి వెళ్ళాక మా నర్సరీకి పైనుంచి అందిన మొట్టమొదటి సాయం బఠాణీ విత్తనాలు. పొట్లం మీద మంచుకొండ బొమ్మ, దాని ముందు స్వెట్టరు తొడుక్కుని నవ్వుతున్న పాప. మా అండమాన్ దీవుల్లో స్వెట్టరంటే మెయిన్‌ల్యాండ్‌లో పెళ్ళికి పోయేవాళ్ళు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకునే వస్తువు. జనవరిలో కూడా వీపుకి రవిక అతుక్కుపోయే చోట బఠాణీ పండించమని ఎవరికి తోచిందో గాని, తోచినవారు మహానుభావులు. కింద ఉప్పునీళ్ళు తాగిన నేల, పైన ఎండ, నడుమ చలిదేశపు బఠాణీ. పాపం అది మొలిచింది కూడా. మొలిచి, నాలుగు పక్కలా చూసి, పసుపుపచ్చగా మారి, పడుకుంది.

నేను ఆ నర్సరీలో కూలీగా చేరి, పర్మనెంటయి, అక్కడే రిటైరయ్యాను. సంచుల్లో మట్టి నింపడం, మొక్కలకు నీళ్ళు పోయడం, పెద్దసార్లు వస్తున్నారంటే కుండీలకు ఎర్రరంగు పుయ్యడం మా పని. వీటిలో మూడోదే అసలు పని, మొదటి రెండూ ఖాళీ ఉంటే చేసేవాళ్ళం. ఏ నర్సరీ, ఏ శాఖ అని మాత్రం అడగొద్దు. పింఛను ఇంకా వాళ్ళే ఇస్తున్నారు.

ఈ మధ్య మీలాంటి పిల్లలు నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, పాతకాలం చిక్కుడు గింజలున్నాయా? విత్తనం ఎలా దాస్తారు?" అని అడుగుతున్నారు. ఫోనులో చూసి మొక్కలు పెంచే పిల్లలకు ఇంత బుద్ధి పుట్టిందంటే సంతోషమే. విత్తనం దాచడం గురించి మా నర్సరీకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఎలా దాచామో చెబుతాను, వినండి.

సునామీ తర్వాత మొదటి వానలకు ముందు మా ఇన్‌చార్జి సారుకి ఒక ఆలోచన వచ్చింది. ఆయన గోదావరి వైపు మనిషి. మంచివాడు, మాట మెత్తన. ఆయనకు జీవితంలో రెండే కోరికలు: కడుపునిండా భోజనం, మెయిన్‌ల్యాండ్‌కి బదిలీ. మొదటిది రోజూ తీరేది. రెండోది ఎప్పుడూ తీరలేదు. ఆ సారు రిలీఫ్ షెడ్లకు వెళ్ళి, "మీ పెరట్లో పండించుకున్న పాత విత్తనాలు ఏవైనా మిగిలితే తెచ్చివ్వండి. మేం పెంచి, రెట్టింపు చేసి, మీవి మీకు ఇచ్చేస్తాం" అని చాటించాడు. ఇళ్ళే పోయినవాళ్ళని విత్తనాలు అడిగితే ఏమంటారు? చాలామంది ఏమీ అనకుండా ఊరుకున్నారు. అది వాళ్ళ మంచితనం.

ఒక్క ముసలమ్మ మాత్రం వచ్చింది. మా శ్రీకాకుళం వైపు మనిషే. ఆమెది లోతట్టు పొలం. సముద్రం ఆ పొలంలోకి వచ్చి, చోటు నచ్చి, అక్కడే ఉండిపోయింది. నీళ్ళు తరుముకొస్తుంటే కోడలు రేషను కార్డు కోసం వెతుకుతోందట. ఈవిడ దూలానికి వేలాడుతున్న సొరకాయ బుర్ర లాక్కుని గట్టెక్కిందట. బుర్రలో బూడిద, బూడిదలో చిక్కుడు గింజలు. కార్డు పోయింది, గింజలు మిగిలాయి. ఆ రోజు నుంచి ఆ కోడలు షెడ్డులో ఎవరు కనబడినా అత్తగారి తెలివి గురించి చెబుతూనే ఉందట.

ముసలమ్మ ఆ బుర్ర నా ఒళ్ళో వంచింది. నల్లటి గింజలు, ఒక్కోదానికి తెల్లటి మూతి.

"ఓడ చిక్కుడమ్మీ. మా అత్త ఓడెక్కినప్పుడు కొంగున కట్టుకొచ్చినాది. నీ సేతికిస్తన్నాను, సర్కారుకి కాదు. సర్కారంటే ఎవులో నాకు తెల్దు."

"ఒక గుప్పెడు ఉంచుకో మామ్మా. మొత్తం ఇయ్యకూడదు కదా."

మాలో అది కట్టుబాటు. విత్తనం ఎవరికిచ్చినా ఇంట్లో ఒక గుప్పెడు మిగల్చాలి. కుండ ఖాళీ చెయ్యకూడదు.

"ఉంచితే ఎలకల కోసరవే ఉంచాల. రేకుల షెడ్లో సగం అయ్యే తినేసినాయి. మీకాడ ఎలకల్నేవా?"

"ఉన్నాయి మామ్మా. కాని మావి గవర్నమెంటు ఎలకలు. సాయంత్రం అయిదు దాటితే పని చెయ్యవు."

ముసలమ్మ బోసినోటితో నవ్వింది. ఆ తర్వాత నవ్వాపి నా చెయ్యి పట్టుకుంది. "అందరూ బంగారవట్టుకొచ్చినారు, కాయితాలట్టుకొచ్చినారు. నాను గింజలట్టుకొచ్చినాను. మా కోడలు నన్ను ఎర్రిదంతంది. కొత్తిల్లు ఇచ్చినప్పుడు గుమ్మం కాడ పందిరేసి దానికి సూపించాల. నాకింకేటీ నేదమ్మీ. తిరిగిచ్చెయ్యాల, మరి."

ఇస్తానన్నాను. ఆడదాని మాట.

పంపుషెడ్డు వెనక కంచె పొడుగునా గోతులు తీసి, గోతికి రెండేసి గింజలు పెట్టాను. వానలు పడ్డాయి. సగం గోతులు మొలిచాయి, సగం మొలవలేదు. మొలవని గోతులు తవ్వి చూస్తే లోపల గింజ లేదు. కుళ్ళిన గింజ కాదు, పురుగు తిన్న గింజ కాదు, అసలు గింజే లేదు.

పంపుషెడ్డు మా పంపు తమ్ముడి రాజ్యం. మోటారు వెయ్యడం, ఆపడం వాడి డ్యూటీ. అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ నుంచి రోజూ ఫెర్రీలో వచ్చేవాడు, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. ఆ క్యారియరు పొద్దున అన్నం తెచ్చేది, సాయంత్రం సర్కారుని తీసుకెళ్ళేది. మిరప నారు, గులాబీ అంట్లు, ఎరువు, గోనెతాడు, ఒకసారి రెండు కోడిపిల్లలు. ఆ కోడిపిల్లలు మా నర్సరీవి కూడా కావు, పక్క ఆఫీసువి. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఎందుకంటే మోటారు పాడైతే బాగు చెయ్యడం వాడొక్కడికే వచ్చు.

నన్ను అప్పా అని అక్క వరస పెట్టి పిలిచేవాడే అయినా, నేను మాత్రం ఊరుకునే రకం కాదు. "ఏరా తమ్ముడా, గోతుల్లో గింజలేవీ?"

"నాకేటి తెలుసప్పా? గంగమ్మతల్లి మీదొట్టు. నత్తలు తినేసుంటాయి."

"నత్త మట్టి తవ్వి, గింజ తీసుకుని, మళ్ళీ మట్టి కప్పి, చేత్తో చదును చేసి పోతుందా?"

"మన అండమాన్ నత్తలప్పా. ట్రైనింగయిపోనాది ఈటికి."

మొలిచినవాటినే కళ్ళల్లో పెట్టుకుని చూశాను. చలికాలం మొదట్లో ఊదాపూలు వచ్చాయి, తర్వాత అంచులు ఊదారంగు తిరిగిన వెడల్పాటి కాయలు. విత్తనానికి ఉంచిన కాయలకు మా అమ్మ చేసినట్టే ఎర్రగుడ్డ పీలికలు కట్టాను. గుడ్డ కట్టిన కాయ కొయ్యడం మా ఊళ్ళో మహాపాపం. మా నర్సరీలో పాపాలకు భయపడేవాళ్ళు తక్కువ కాబట్టి మధ్యాహ్నం అన్నం కూడా ఆ కంచె దగ్గరే కూర్చుని తినేదాన్ని.

ముసలమ్మ షెడ్డు నుంచి నడుచుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడేది. "మన గుంటలు బాగున్నారా?" అని చంటిపిల్లల గురించి అడిగినట్టే అడిగేది, ఆసుపత్రిలో మనవలని చూడవచ్చినట్టు. లోపలికి వచ్చి కాయ నిమిరి, ఏమీ కొయ్యకుండా వెళ్ళిపోయేది.

కాయలు తీగమీదే గలగల ఎండాయి. ఒలిచి, వేపాకు, బూడిద కలిపి, బిస్కెట్ల డబ్బాలో పోసి స్టోరులో పెట్టాను. తాళం సారు దగ్గర. "కొత్తింటి తాళాలు ఇస్తన్నారంటమ్మీ" అని ముసలమ్మ సంబరంగా చెప్పింది. "సోమవారం రా మామ్మా, డబ్బాతో సహా ఇచ్చేస్తాను" అన్నాను. ఆ సోమవారానికి ముందు శుక్రవారం వచ్చింది. శుక్రవారం రాకపోతే ఈ కథ లేదు.

ఆ శుక్రవారం మెయిన్‌ల్యాండ్ నుంచి ఒక పెద్దసారు వస్తున్నాడని కబురొచ్చింది. ఎందుకయ్యా అంటే, సునామీ తర్వాత దీవుల్లో మిగిలిన దేశవాళీ విత్తనాలను కళ్ళారా చూడటానికి. వెంట ముగ్గురు. మనిషిది చిత్తూరు వైపట, బదిలీల దగ్గర మాట చెల్లుతుందట. మా సారు మొహం దీపావళి అయిపోయింది. ఫోను చేసి, "భోజనానికి ఏం చేయించమంటారు సార్?" అని అడిగాడు. ఆయన, "ఈ రోజుల్లో మా వైపు పితికిపప్పు కాలమయ్యా. అక్కడెక్కడ దొరుకుతుందిలే" అన్నాడట.

దొరకదు అన్న మాట మా గోదావరి సారు గుండెల్లో గుచ్చుకుంది. ఇంటికొచ్చిన మనిషి నోరు తెరిచి ఒకటి అడిగాక లేదనడం ఆయన వంశంలో లేదు. పితికిపప్పంటే చిక్కుడు గింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కో గింజనీ వేళ్ళతో పితికి తొక్క ఊడగొట్టి వండే కూరట. మా ఉత్తరాంధ్ర వాళ్ళకి, రాంచీ వాళ్ళకి ఆ సంగతే తెలీదు. మా చౌకీదారు రాంచీ వాడు, వంట కూడా అతనే చేసేవాడు. సారు అతనికి స్టోరు తాళం ఇచ్చి, డబ్బాలో సగం తీసి నానబెట్టమన్నాడు. ఇదంతా గురువారం నేను ఇంటికెళ్ళిపోయాక జరిగింది.

శుక్రవారం పొద్దున్నుంచి నాకు కుండీల రంగు పని, బంతిపూల దండల పని. అరటి ఆకులు కడిగింది నేను. వడ్డించింది నేను. తెల్లగా, మెత్తగా ఉన్న ఆ కూర చూసి శనగపప్పు జాతిది ఏదో అనుకున్నాను. పెద్దసారు మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నాడు. "మా అమ్మ చేసినట్టే ఉందమ్మా. ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. వేశాను. ఇంకొంచెం అన్నాడు, వేశాను. గిన్నె అడుగున మిగిలింది మేం కూలీలం పంచుకుని తిన్నాం. నేనూ రెండు ముద్దలు తిన్నాను. చాలా బాగుంది. అబద్ధమెందుకు?

భోజనమయ్యాక ఉపన్యాసం. "ఉప్పునీళ్ళకు తట్టుకుని నిలిచిన ఇలాంటి విత్తనాలు మనకు బంగారంతో సమానం. ఒక్క గింజ కూడా పోనివ్వకూడదు" అని పెద్దసారు పళ్ళ సందుల్లో పుల్ల పెట్టుకుంటూ చెప్పాడు. మేం చప్పట్లు కొట్టాం. తర్వాత బఠాణీ మడి చూపించారు. బతికున్న ఆఖరి బఠాణీ మొక్కని చౌకీదారు కర్రకి దారంతో నిలబెట్టి కట్టాడు, ఉరేసిన మనిషిలా. పెద్దసారు దాని వంక సానుభూతిగా చూసి, "ఆ దేశవాళీ చిక్కుడు విత్తనం చూపించండి" అన్నాడు.

మా సారు హుషారుగా డబ్బా తెప్పించి మూత తీశాడు. బూడిద. వేలు పెట్టి కలిపాడు. బూడిద. మోచెయ్యి దాకా పోనిచ్చినంత పని చేశాడు. వేపాకు ఒకటి పైకి వచ్చింది. ఆయన నుదుటి మీద చెమట బొట్లు నాకు కనబడుతున్నాయి.

"లోపల... అడుగున ఉంటాయి సార్" అన్నాడు.

"తియ్యకండి, తియ్యకండి! బూడిదలో అలాగే ఉండనివ్వండి. మన పెద్దల పద్ధతి ఇదే కదా" అని పెద్దసారు ముచ్చటపడి, డబ్బాని దగ్గరగా ఫోటో తీయించుకున్నాడు.

నేను వంటగది వెనక్కి పరుగెత్తాను. అరటి ఆకుల పక్కన ఒక కుప్ప. నల్లటి తొక్కలు. ఒక్కోదానికి తెల్లటి మూతి.

జీపు గేటు దాటేదాకా ఆగాను. అంతకంటే ఒక్క నిమిషం ఆగలేదు. చౌకీదారు చెయ్యి పట్టి కుప్ప దగ్గరికి ఈడ్చుకొచ్చాను. "ఇదేమిటి భయ్యా?"

"సాబ్ ఆధా బోలే థే, దీదీ" అన్నాడు వాడు బిక్కమొహంతో. "ఆధా మే క్యా హోతా? చార్ మెహమాన్ థే. ఇజ్జత్ కా సవాల్ థా."

సగం తీస్తే నలుగురు అతిథులకు చాలదని, నర్సరీ పరువు నిలబెట్టాలని, మొత్తం నానబెట్టాడు. నా ఒళ్ళో మొత్తం వంచేసిన ముసలమ్మ బుర్రలాగే మా డబ్బా కూడా అడుగంటా ఖాళీ అయింది. అక్కడ ఎలకలు, ఇక్కడ మర్యాద.

సారు కుర్చీలో కూలబడ్డాడు. "సగమే కదమ్మా చెప్పాను... సగంతో విత్తనం మిగిలేది కదా..." అని తనలో తాను గొణుక్కున్నాడు. కాసేపటికి తలెత్తి, "పోనీ, సోమవారం ఆవిడకి బఠాణీ పొట్లాలిద్దామా? బొమ్మ బాగుంటుంది" అన్నాడు.

నేనేమన్నానో రాయను. మనవలు చదువుతారు.

సాయంత్రం అందరూ వెళ్ళాక కుళాయి దగ్గర కూర్చున్నాను. ముసలమ్మ గేటు దగ్గర నిలబడి గుంటలెలా ఉన్నారని అడిగితే ఏం చెప్పాలి? బాగున్నారు మామ్మా, నేను కూడా తిన్నాను అని చెప్పాలా? ఆ కోడలు ఇక జన్మంతా నవ్వుతుంది. నీళ్ళలోంచి తెచ్చిన గింజలు మా పళ్ళ కింద పోయాయి.

పంపు తమ్ముడు పక్కనే క్యారియరు కడుగుతున్నాడు. కడిగిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ కడుగుతున్నాడు. వాడికి పర్మనెంటు ఆర్డరు ఇవాళో రేపో అన్నట్టుంది అప్పుడు. నర్సరీ సొత్తు ఇంట్లో ఉందని బయటపడితే ఆర్డరు కాదు, ఉన్న కూలీ కూడా పోతుంది. గింజలు పట్టుకుని గేటు దాటి లోపలికొస్తే ఎక్కడివని చౌకీదారే అడుగుతాడు.

"అప్పా" అన్నాడు గిన్నెలోకి చూస్తూ.

"ఊఁ."

"నాకాడ ఏటీ నేదప్పా. ముందే సెప్తన్నాను."

"నీకాడ ఉందని ఎవరన్నార్రా?"

"అద్గదీ. ఎవులూ అన్నేదు." గిన్నె ఇంకోసారి కడిగాడు. "మా యింటిది ఆదివారం మజ్జాన్నం నిద్దరోతాది. మొద్దు నిద్దర. నాను వల పన్లో ఎల్లిపోతాను. మా కుక్క సెడ్డ సోమరిది, అరవదు."

నేను వాడి మొహంలోకి చూశాను. వాడు నా మొహంలోకి చూడలేదు.

"మనోళ్ళు అంతారు కదప్పా, అడిగి తెచ్చిన పాదు కన్నా ఎత్తుకొచ్చిన పాదు బాగా కాస్తాదని. నానేటీ అన్నేదు. ఊరికే గుర్తొచ్చినాది."

క్యారియరు బిగించుకుని ఫెర్రీకి పోయాడు. ఆ రోజు ఆ క్యారియరు నిజంగానే ఖాళీ.

ఆదివారం మధ్యాహ్నం చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగాను. చంకలో గుడ్డ సంచి. ఈ వయసులో దొంగతనానికి పోతున్నానని ఓడలో ప్రతివాడూ నన్నే చూస్తున్నట్టనిపించింది. నిజానికి ఎవడూ చూడలేదు. వాళ్ళందరికీ మధ్యాహ్నపు మొహాలు.

వాడి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మా నర్సరీ గులాబీలు గుమ్మానికి రెండు వైపులా పూస్తున్నాయి. పక్కన మా నర్సరీ మిరప. వెనకాల వెదురుకంచె మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఓడ చిక్కుడు. నా గోతుల్లోంచి నత్తలు ఎత్తుకెళ్ళిన గింజలన్నీ అక్కడ తీగలు పాకి, కాయలు కాసి, గలగలా ఎండి వేలాడుతున్నాయి. మంచి కాయలన్నిటికీ విత్తనం గుర్తుగా పీలికలు కట్టి ఉన్నాయి. ఖాకీ పీలికలు. సర్కారు ఇచ్చిన యూనిఫారం ఒక్కసారైనా ఒంటిమీద వేసుకున్నాడా అని ఎప్పుడూ అనుకునేదాన్ని. ఎక్కడికి పోయిందో ఆ రోజు తెలిసింది.

అరుగు మీద చాప పరుచుకుని వాడి పెళ్ళాం నిద్రపోతోంది. గురక పెడుతోంది. ఎంత గట్టిగానంటే, నిజంగా నిద్రపోయేవాళ్ళెవరూ అంత గట్టిగా పెట్టలేరు. కుక్క ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసింది. ఇంటిల్లిపాదికీ బాగా చెప్పి పెట్టాడు.

నేను చప్పుడు కాకుండా ఒక్కో కాయా తెంపి సంచిలో వేస్తున్నాను. ముందు వైపు అయ్యాక ఇక చాలనిపించి వెనక్కి తిరిగాను. గురక ఆగింది.

"ఆ సివర కూడా ఉన్నాయప్పా" అంది ఆమె, కళ్ళు మూసుకునే.

ఆ చివరకి వెళ్ళాను. గురక మళ్ళీ మొదలైంది. అన్నీ తెంపి, కట్టుబాటు గుర్తొచ్చి ఒక గుప్పెడు కాయలు తీగమీదే ఉంచేశాను. నేను రోడ్డెక్కానో లేదో వెనక నుంచి కేక వినబడింది: "ఓలమ్మ ఓలమ్మ! ఎవులో నా సిక్కుడుకాయలన్నీ ఎత్తుకెలిపోనారు! ఈల్ల సేతులిరిగిపోనూ!" ఊరంతా వినేలా అరిచింది. ఆ గొంతులో ఎంత సంతోషమో చెప్పలేను.

సోమవారం ముసలమ్మ గేటు దగ్గర నిలబడి, "గుంటలు బాగున్నారా?" అంది.

"బాగున్నారు మామ్మా. కొంచెం ఊరు తిరిగొచ్చారు" అన్నాను. పక్కకు తీసుకెళ్ళి మొత్తం చెప్పేశాను. పితికిపప్పు, బూడిద ఫోటో, ఫెర్రీ, గురక, అన్నీ. తిన్న రెండు ముద్దలు కూడా దాచలేదు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింటోంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వుతోంది.

"ఎలగున్నాది కూర?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"బాగుంది మామ్మా."

"మరదే. మా అత్త కూడా ఇలగ వొండి ఎరగదు." నేను ఒలిచి తెచ్చిన గింజలు బుర్రలో పోసుకుని, అందులోంచి ఒక గుప్పెడు తీసి నా కొంగులో వేసింది. "ఇయి నీకు." ఇంకో గుప్పెడు తీసింది. "ఇయి ఆ దొంగోడికి. మొత్తం నాకాడే ఉంటే మల్లీ ఎవులో ఒకలు మరేద సేసేస్తారు."

కొత్తింటి గుమ్మంలో పందిరి వేసింది. మరుసటి చలికాలం కోడలే చేటతో కాయలు కోస్తూ, "మా అత్త సునామీలో పట్టుకొచ్చిన చిక్కుడు" అని ఇరుగుపొరుగుకి పంచిపెట్టడం నేను కళ్ళారా చూశాను. రేషను కార్డు మాట ఎత్తలేదు.

మా సారుకి కోరుకున్నట్టే బదిలీ వచ్చింది, ఇంకా దూరపు దీవికి. బూడిద డబ్బా ఫోటో అద్దం కట్టించి ఆఫీసు గోడకి పెట్టారు; కింద దేశవాళీ విత్తన సంరక్షణ అని రాసి ఉండేది. కొత్తగా వచ్చిన ప్రతి సారూ దాని ముందు నిలబడి తలాడించేవాడు. పంపు తమ్ముడు పర్మనెంటయ్యాడు. రిటైరయిన రోజున, నిజాయితీగా పనిచేశాడని చెప్పి పూలదండ వేశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆ దండ కూడా క్యారియరులో పెట్టుకుని పోయాడు.

ఇప్పుడు మీరు అడిగినదానికి జవాబు. గింజలు కావాలని ఊరికే గుమ్మంలో నిలబడి అడగకండి, నేను ఇవ్వను. డిగ్నాబాద్‌లో మా ఇంటి వెనక కంచె మీద ఓడ చిక్కుడు ఉంది. విత్తనం కాయలకు ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. ఒక గుప్పెడు తీగమీదే ఉంచండి. ఆదివారం మధ్యాహ్నం నేను నిద్రపోతాను. గురక పెట్టడం నాకు అంత బాగా రాదు, సర్దుకోండి.